వాయువేగం - మనోవేగం

మన కథల్లో గుర్రాలకు రెండు వేగాలున్నాయి. ఒకటి వాయువేగం, రెండోది మనోవేగం. రాజకుమారుడు గుర్రం ఎక్కగానే కథ చెప్పే అవ్వ ఈ రెంటినీ ఒక్క గుక్కలో కలిపేసి, "వాయువేగ మనోవేగాలతో పోతున్నాడు నాయనా" అంటుంది. వినే పిల్లవాడు ఆ రెండూ ఒకటే అనుకుని నిద్రపోతాడు. పెద్దయి, కారు కొనుక్కున్న తరువాత కూడా చాలామంది అలాగే అనుకుంటూ ఉంటారు.

కాని అవి ఒకటి కావు సుమండీ. వాయువేగానికి కొలత ఉన్నది. తుపాను వచ్చినప్పుడు గాలి గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో వీస్తున్నదని వార్తల్లో చెబుతారు. మనోవేగానికి అటువంటి కొలత లేదు. అది ఎవరి మనస్సుకు తోచినంత. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉన్నదో తెలుసుకోవాలంటే స్పోర్ట్సు కారును మించిన పాఠ్యపుస్తకం లేదు.

తెలుగు పాఠం చెప్పుకునే వాడికి స్పోర్ట్సు కారుతో పని ఏమిటని మీరు అడగవచ్చు. నిజమే. నాకున్నది స్కూటరు. అది గంటకు నలభై దాటితే నాకంటే ముందు అదే భయపడుతుంది. అయినా మాటలకు అర్థం చెప్పడం నా వృత్తి గదా! "వేగం" అనే మాటకు అర్థం వెదకబోతే దారి అటు తీసింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో ఇంగ్లండులో ఎం.జి. కంపెనీవారు టీసీ అనే చిన్న కారు ఒకటి విడుదల చేశారు. 1250 సీసీ ఇంజను. 54 గుర్రాల శక్తి. పైకప్పు గుడ్డది. రేకుల వెనక చట్రం కొయ్యది. సైకిలుకు ఉన్నట్లు స్పోకుల చక్రాలు. స్ప్రింగులు ఎంత బిరుసంటే రోడ్డు మీద గులకరాయి ఉంటే అది నడుముకు తెలిసేది. ఆ కారు ఎక్కినవాడు ఆకాశంలో తేలిపోయేవాడు. అమెరికావాళ్ళు దానిమీద మోజుపడి ఓడల్లో తెప్పించుకున్నారు. అక్కడ స్పోర్ట్సు కార్ల పిచ్చి పాకడానికి ఆ చిన్న కారే పెద్ద కారణమంటారు.

మరి గడియారం ఏమన్నది? ఆ కారు నిలబడ్డ చోటునుంచి గంటకు 60 మైళ్ళ వేగం అందుకోవడానికి 20 సెకండ్లకు పైగా పట్టేది. ఈనాడు మన వీధిలో కూరల సంచీ వేసుకుని వచ్చే చిన్న కుటుంబం కారు కూడా అంతకంటే చాలా తొందరగా అందుకుంటుంది. అయితే దాన్ని నడిపేవారు ఎవరూ ఆకాశంలో తేలిపోవడం లేదు.

దీనికి సరిగ్గా ఎదురు కథ 1948లో జరిగింది. ఆ సంవత్సరం లండను మోటారు ప్రదర్శనలో జాగ్వారు కంపెనీ ఎక్స్‌కే 120 అనే కారును పెట్టింది. పేరులోని 120 అంకె వట్టి అలంకారం కాదు. గంటకు 120 మైళ్ళు పోతుందని దాని అర్థం. ఆ రోజుల్లో ఆ ధరకు ఆ వేగమంటే నమ్మినవారు తక్కువ. కంపెనీవారు వాదించలేదు. 1949 మే నెలలో ఆ కారును బెల్జియం దేశంలోని జబ్బెకె దగ్గర తిన్నని రోడ్డుమీదికి తీసుకుపోయి, కాలం కొలిచేవారిని నిలబెట్టి, పత్రికలవారి ఎదుట నడిపించారు. గంటకు 132.6 మైళ్ళు తేలింది. మన లెక్కలో 213 కిలోమీటర్లు. ఒకటి మనోవేగం అమ్మిన కారు. ఇంకొకటి వాయువేగం రుజువు చేసిన కారు. రెంటినీ జనం ముచ్చటపడి కొన్నారు.

ఒంటికి వేగం సంగతి తెలియదా అంటే, నిజంగానే తెలియదు. మనం నిలబడ్డ ఈ భూమి సూర్యుడి చుట్టూ సెకండుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నది. ఎవరికైనా కళ్ళు తిరుగుతున్నాయా? విమానం గంటకు తొమ్మిదివందల కిలోమీటర్లు పోతుంటే అందులో కూర్చుని కాఫీ తాగుతాం. కప్పులో కాఫీ తొణకదు. ఒకే తీరున పోతున్న వేగాన్ని పట్టే అవయవం ఏదీ మన శరీరంలో లేదు. చెవి లోపల సన్నని నూగువంటి కణాల మీద సున్నపు పలుకులు కొన్ని కూర్చుని ఉంటాయి. వేగం హెచ్చినా తగ్గినా అవి పక్కకు ఒరిగి కబురు చెబుతాయి. వేగం స్థిరపడగానే ఊరుకుంటాయి. అంటే మనకు తెలిసేది వేగం కాదు, వేగంలో మార్పు.

ఆ మార్పు ఎంతో లెక్క కట్టి చూద్దాం. నిలకడనుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 10 సెకండ్లలో అందుకునే కారు, అరవై కిలోల మనిషి వీపును సుమారు 17 కిలోల బరువుతో నెట్టినట్లు నెడుతుంది. అదే 4 సెకండ్లలో అందుకునేదైతే 42 కిలోలతో నెడుతుంది. ఇంతవరకు గడియారానికీ వీపుకూ తగాదా లేదు. చిక్కెక్కడంటే, వీపు నెట్టును మాత్రమే లెక్కపెట్టదు. ఆ నెట్టు ఎంత హఠాత్తుగా వచ్చిందో దానికే ఎక్కువ మార్కులు వేస్తుంది. ఒకే బలాన్ని మెల్లగా, సమంగా ఇచ్చే ఇంజను "చప్పగా ఉన్నది" అనిపిస్తుంది. కాసేపు ఊరుకుని ఒక్కసారిగా తోసే ఇంజను "పులి" అనిపిస్తుంది. రెండూ ఒకేసారి గమ్యం చేరినా సరే.

చెవి తరువాత కన్ను. రోడ్డుకు దగ్గరగా కూర్చున్నకొద్దీ నేల మీది గరుకు, గీతలు, పక్కన గడ్డి కంటి ముందునుంచి గబగబా జారిపోతాయి. స్పోర్ట్సు కారులో కూర్చున్నవాడి కన్ను నేలకు మీటరు మీద కాస్త ఎత్తున ఉంటుంది. లారీ డ్రైవరు కన్ను రెండు మీటర్లకు పైన. ఇద్దరూ అరవైలో పోతున్నా, ఒకడికి నేల పరుగెత్తుతుంది. ఇంకొకడికి నేల నడుస్తుంది.

ఇక మోత. ఇంజను రొదకూ, గాలి హోరుకూ మన మనస్సు తనంతట తానే వేగం అని పేరు పెట్టుకుంటుంది. ఈ గుట్టు కంపెనీలవారికి మనకంటే బాగా తెలుసు. 2011లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం5 కారుకు 560 గుర్రాల ఇంజను ఉన్నది. అయితే లోపలికి చప్పుడు రాకుండా కారును అంత చక్కగా కట్టారు. దానితో నడిపేవాడికి పసందు తగ్గుతుందని, ఇంజను చప్పుడును కారులోని స్పీకర్లలో వినిపించే ఏర్పాటు చేశారు. 2023లో హ్యుందాయ్ వారు అయానిక్ 5 ఎన్ అనే విద్యుత్తు కారు తెచ్చారు. దానికి మామూలు కార్లకున్నట్లు మార్చుకునే గేర్లు లేవు. అయినా మీట నొక్కితే గేరు మారినట్లు చిన్న కుదుపు ఇస్తుంది. లేని ఇంజను ఉన్నట్లు మోత మోగుతుంది. పెళ్ళిలో మేళగాళ్ళు రాకపోతే పాటల పెట్టె పెట్టినట్లన్నమాట!

చప్పుడు లేకపోతే వేగం తెలియదన్న సంగతి కాళిదాసుకు ఎప్పుడో తెలుసు. శాకుంతలం ఏడో అంకంలో దుష్యంతుడు ఇంద్రుడి రథంలో ఆకాశంనుంచి దిగివస్తాడు. సారథి మాతలి. రథం దిగినా రాజుకు దిగినట్లే తెలియదు. చక్రాల చప్పుడు లేదు, దుమ్ము లేవలేదు, నేలకు తగిలిన కుదుపు లేదు. ఇక తెలిసేదెలాగని ఆశ్చర్యపోతాడు. నేటి విద్యుత్తు కారు ఎక్కి దిగిన పెద్దవాళ్ళు చెప్పేదీ ఆ మాటే.

మా మేనల్లుడొకడు అమెరికాలో టెక్సాసులో ఉన్నాడు. నిరుడు, రెండే సీట్లున్న స్పోర్ట్సు కారొకటి కొన్నాడు. కొన్న రాత్రి ఫోను చేశాడు.

"మావయ్యా! కారు కాదు, బాణం. కాలు ఆనిస్తే చాలు, ఎగిరిపోతున్నది."

"సంతోషంరా. ఎగరకుండా చూసుకో. మీ అమ్మ వింటున్నదా?"

"వినటం లేదులే. మా స్నేహితుడిదొక విద్యుత్తు కారున్నది. ఎక్కితే లిఫ్టు ఎక్కినట్లే. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

అక్కడ కొన్ని ఊళ్ళలో పందేలకని కట్టిన పావుమైలు బాటలుంటాయి. రుసుము కడితే ఎవరైనా తమ కారును అక్కడ నడిపి కాలం కొలిపించుకోవచ్చు. మిత్రులిద్దరూ ఒక శనివారం పోయారు. మావాడి బాణానికి 14.6 సెకండ్లు పట్టింది. ఉలుకూ పలుకూ లేని ఆ లిఫ్టుకు 12.3. ఆ రాత్రి నాకు ఫోను రాలేదు.

అయిదు నెలల తరువాత వచ్చింది.

"మావయ్యా, కారులో పస తగ్గింది. మెకానిక్కుకు చూపిస్తే ఏమీ లేదంటాడు. పొగగొట్టం మార్చి, ఇంజనుకు మరికొంత పదును పెట్టిస్తే బాగుంటుందని చూస్తున్నాను. రెండువేల డాలర్లవుతుంది."

"డబ్బు ఇచ్చేముందు ఆ పావుమైలు బాటకు మళ్ళీ ఒకసారి పోయిరారా," అన్నాను.

పోయివచ్చాడు. 14.5 సెకండ్లు. కారులో పస తగ్గలేదు సరిగదా, వెంట్రుకవాసి పెరిగింది. తగ్గినది కారు కాదు, కొత్త. పెళ్ళయిన కొత్తలో అమృతంలా ఉన్న అత్తవారింటి పప్పుచారు ఆరో నెలలో మామూలు పప్పుచారు అవుతుంది. వండినవారిదీ పప్పుదీ తప్పులేదు. మావాడి రెండువేల డాలర్లు మిగిలాయి. అందులో సగం మా అక్కయ్యకు పంపాడని విన్నాను.

గడియారం సాక్ష్యానికి భారతంలో మంచి ఉపమానం ఉన్నది. నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు రథం తోలుతుంటాడు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపోతుంది. "ఆపు, తెచ్చుకుందాం" అంటాడు రాజు. అది ఈసరికే యోజనం దూరం వెనకబడ్డది, ఇక దొరకదంటాడు బాహుకుడు. రథంలో కూర్చున్న రాజుకు ఆ వేగం అంతుపట్టలేదు. జారిన గుడ్డ చెప్పింది. వేగానికి సాక్షి రథం బయటనే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది వినోదం. ఇకమీద చెప్పేది ఇంటింటికీ కావలసిన విషయం.

మొన్న సంక్రాంతికి మావాడు ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో వాళ్ళ నాన్నగారి కారు తీశాడు. ఎత్తుగా, అద్దాలు బిగిస్తే చీమ చిటుక్కుమనని కారు. అక్కయ్య వెనక, నేను ముందు. ఔటర్ రింగు రోడ్డు మీదుగా విజయవాడ రోడ్డుకు వచ్చి, ఆ నున్నటి దారిలో సుమారు రెండు గంటలు నడిపాడు. సూర్యాపేట దాటాక మా అక్కయ్యగారి ఊరి దారికి తిరిగాడు. తిరిగిన కాసేపటికి అక్కయ్య అరిచింది.

"ఒరే, మెల్లగా పోరా! ఊరు వచ్చింది."

"మెల్లగానే పోతున్నానమ్మా. నలభై ఉంటుంది."

నేను మీటరు చూశాను. డెబ్భై రెండు.

"నలభై కాదురా, డెబ్భై దాటింది," అన్నాను. వాడు ఉలిక్కిపడి కాలు తీశాడు. సరిగ్గా ముందు మలుపులో ఒక పిల్లవాడు తనకంటే ఎత్తున్న సైకిలు అడ్డంగా తొక్కుకుంటూ రోడ్డు దాటిపోయాడు. వాడు మావైపు చూడను కూడా లేదు.

మావాడు అబద్ధం చెప్పలేదు. వాడికి నిజంగా నలభై అనే తోచింది. చాలాసేపు పెద్ద వేగానికి అలవాటుపడిన కన్ను, వేగం తగ్గగానే అది ఉన్నదానికంటే చాలా తక్కువని లెక్కగడుతుంది. 1969లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధన కూడా ఇదే చెప్పింది. గంటకు 70 మైళ్ళ వేగంతో నడిపిన డ్రైవర్లను, మీటరు చూపకుండా, 40కి తగ్గించమన్నారు. ఎంత ఎక్కువ దూరం నడిపివస్తే, వారు "నలభై" అనుకున్న వేగం నలభైకి అంత పైన తేలింది. అందుకే 1970ల మొదట్లో స్కాట్లాండులో, ఎడింబరో దగ్గరి న్యూబ్రిడ్జి కూడలికి వచ్చే పెద్దరోడ్డు మీద పసుపు గీతలు అడ్డంగా గీయించారు. కూడలి దగ్గరపడేకొద్దీ గీతల మధ్య ఎడం తగ్గుతుంది. దానితో తన వేగం పెరుగుతున్నదని డ్రైవరు కన్ను భ్రమపడి, కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. ఒక భ్రమను ఇంకొక భ్రమతో కొట్టడమన్నమాట; ముల్లును ముల్లుతో తీసినట్లు.

మీటరు సంగతి కూడా కాస్త చెప్పాలి. ఐరోపా మొదలైన చాలా దేశాలలో అనుసరించే ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం మీటరు అసలు వేగంకంటే తక్కువ చూపరాదు. ఎక్కువ చూపితే పదోవంతు మీద మరి నాలుగు కిలోమీటర్ల వరకు చూపవచ్చు. అసలు వేగం 100 అయితే మీటరులో 114 దాకా ఉండవచ్చు. అంటే మీటరుది జాగ్రత్త కలిగిన తల్లి మనస్సు. ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చెప్పి భయపెడుతుంది. కంటిది దానికి తారుమారు. ప్రమాదం పెద్దదవుతున్నకొద్దీ "ఏం ఫరవాలేదు" అంటుంది.

ఏమవుతుంది, పది కిలోమీటర్లు అటూ ఇటూ అయితే అంటారా? ఒక్క లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్లు పోయే కారు సెకండుకు 14 మీటర్లు పోతుంది. ఎదుట పిల్లవాడు కనబడ్డ తరువాత డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకండు అనుకుందాం. ఆ సెకండులో 14 మీటర్లు. తరువాత పొడిరోడ్డు మీద మంచి బ్రేకులు పట్టి కారు ఆగేందుకు సుమారు మరో 14 మీటర్లు. మొత్తం 28 మీటర్లు. ఇప్పుడు అదే చోట, అదే కారు, 100లో పోతున్నది. కాలు బ్రేకు చేరే ఆ ఒక్క సెకండులోనే 28 మీటర్లు గడిచిపోతాయి. ఆగడానికి ఇంకా 55 మీటర్లు కావాలి. అంటే, యాభైలో వచ్చినవాడు పూర్తిగా ఆగి ఊపిరి పీల్చుకునే చోట, నూరులో వచ్చినవాడు బ్రేకు మీద కాలు పెడుతుంటాడు. అప్పటికి వాడి వేగం నూరుకు ఒక్కటి కూడా తగ్గి ఉండదు. సైకిలు పిల్లవాడు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాడన్నదే మిగిలిన ప్రశ్న.

స్పోర్ట్సు కారు కొనుక్కుని ముచ్చట తీర్చుకునేవారిమీద నాకు కోపమేమీ లేదు. 54 గుర్రాల కారులో ఆకాశాన్ని చూసిన ఆనాటివారు మోసపోయారని నేను అనను. వారు డబ్బిచ్చింది మనోవేగానికి. అది వారికి నిండా దొరికింది. నిజం చెప్పాలంటే తక్కువ వేగంలోనే ఎక్కువ సంబరం ఇచ్చే కారు ఊరికీ రోడ్డుకూ మేలు చేస్తుంది. నాకు భయమల్లా రెండో రకంతోనే. ఎత్తయిన సీటు, మెత్తని స్ప్రింగులు, బిగించిన అద్దాలు, లోపల చల్లగాలి, సన్నగా పాట. స్పోర్ట్సు కారని ఎవరూ అనరు, కుటుంబం కారంటారు. అందులో నూటపది కూడా అరవైలా ఉంటుంది. నిండా వాయువేగం, బొత్తిగా మనోవేగం లేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో మనం ఊళ్ళకు పోయేది ఆ కారులోనే.

అందుచేత ఈసారి పెద్దరోడ్డు దిగి ఊరి దారి పట్టినప్పుడు, తిరిగిన చోటనే ఒక్క క్షణం ఆగండి. టీ దుకాణముంటే మరీ మంచిది. అయిదు నిముషాలు నిలబడి టీ తాగితే కంటికి పట్టిన పరుగు కొంత దిగుతుంది. ఎక్కిన తరువాత మొదటి రెండు కిలోమీటర్లు రోడ్డుతో పాటు మీటరునూ చూస్తూ ఉండండి. ముందు సీటులో కూర్చున్నవారు అంకెను పైకి చదివితే డ్రైవరు నొచ్చుకోవలసిన పనిలేదు. మా ఇంట్లో ఆ ఉద్యోగం ఇప్పుడు మా అక్కయ్యది. మావాడు విసుక్కుంటూనే వేగం తగ్గిస్తున్నాడు.